కంచె వయసు కాదు, గుంజ మొదలు చూడండి

పెరటి కంచెను ఎప్పుడు మార్చాలని అడిగితే మన ఇళ్ళలో సాధారణంగా రెండు జవాబులు వినిపిస్తాయి. ఒకటి, "చూడ్డానికి బాగాలేదు, పండగలోపు మార్చేద్దాం." రెండోది, "పడిపోయినప్పుడు చూద్దాంలే." మొదటి జవాబు వల్ల ఇంకా కొన్నేళ్ళు నిలబడగల కంచె చెత్తకుప్పకు చేరుతుంది. రెండో జవాబు వల్ల నిలబడలేని కంచె ఏదో ఒక ఈదురుగాలికి పక్కింటి పశువుల పాక మీదో, సందులో నడిచి వెళ్ళే మనిషి మీదో ఒరుగుతుంది. పొరపాటు రెండింటిలోనూ ఒక్కటే. కంచె ఎలా ఉందో మనం కంటి ఎత్తున చూసి తీర్పు చెబుతున్నాం. దాని బలం తేలేది మాత్రం నేలమట్టం దగ్గర, మట్టికి ఒక జానెడు పైన, ఒక జానెడు కింద.

కంచెను మార్చాలా, మరమ్మతు చేయాలా, మరికొన్నాళ్ళు ఆగాలా అన్నది దాని వయసును బట్టో, రంగును బట్టో, పని చేయడానికి వచ్చినవారి మాటను బట్టో నిర్ణయించకూడదని నా అభిప్రాయం. ఆ రెండు జానల మేర పరీక్షించి, కంచె పడితే జరిగే నష్టాన్ని లెక్కవేసి నిర్ణయించాలి. దీనికి ఇంజనీరు అక్కర్లేదు. ఒక గునపం, ఒక స్క్రూడ్రైవరు, ఒక సుత్తి, అరపూట తీరిక చాలు. దాని వెనకున్న విజ్ఞానశాస్త్రం కొంచెం తెలిస్తే ఆ అరపూట పని ఎందుకు చేయాలో అర్థమవుతుంది.

కర్ర ఎక్కడ పుచ్చుతుంది?

కర్రను కుళ్ళబెట్టేది వాన కాదు, శిలీంధ్రాలు. వాటికి నాలుగు కావాలి: తినడానికి కర్ర, తేమ, ఆక్సిజన్, ఓ మోస్తరు వెచ్చదనం. మన వాతావరణంలో వెచ్చదనానికి కొదవ లేదు. మిగిలినవాటిలో తేమదే పెత్తనం. కర్రలోని తేమ దాని పొడి బరువులో 20 శాతం లోపు ఉంటే శిలీంధ్రాలు పెరగలేవు. కర్ర కణాల గోడలు నీటితో పూర్తిగా నిండే స్థాయి సుమారు 30 శాతం. ఆ స్థాయి దాటి తేమ నిలిచిందంటే శిలీంధ్రాలకు విందు మొదలైనట్టే.

ఇప్పుడు పెరట్లో పాతిన ఒక గుంజను ఊహించుకోండి. పైభాగం వానకు తడుస్తుంది, ఎండకు ఆరిపోతుంది. అడుగుభాగం ఎప్పుడూ తడిగానే ఉన్నా, లోతు మట్టిలో ఆక్సిజన్ తక్కువ. ఈ రెంటి మధ్య, నేలమట్టం దగ్గర, తేమా దొరుకుతుంది, గాలీ దొరుకుతుంది. చెదలు కర్రలోకి ఎక్కే దారి కూడా అదే. అందుకే పాత గుంజను పీకి చూస్తే తరచూ పైన గట్టిగా, అడుగున కాస్త గట్టిగా, మధ్యలో మాత్రం చెరకు పిప్పిలా కనిపిస్తుంది.

ఏ కర్ర ఎన్నాళ్ళు నిలుస్తుందన్నది దాని చేవను బట్టి ఉంటుంది. చెట్టు కాండంలో బయటి లేత పొర బతికున్నప్పుడు నీటిని మోస్తుంది, అందులో పిండి పదార్థం, చక్కెరలు ఉంటాయి. పురుగుకైనా శిలీంధ్రానికైనా అదే మొదటి ముద్ద. లోపలి ముదురు భాగం, అంటే చేవ, చెట్టు తన రక్షణ కోసం దాచుకున్న రసాయనాలతో నిండి ఉంటుంది. టేకు చేవలో ఉండే టెక్టోక్వినోన్ చెదలకు పడదు. అందుకే చేవ దేరిన టేకు గుంజ ఏళ్ళ తరబడి నిలిస్తే, కొద్ది ఏళ్ళకే కొట్టిన సన్నటి సరుగుడు బాదు, నీలగిరి బాదు త్వరగా పోతాయి. వాటిలో చేవ ఇంకా పెద్దగా ఏర్పడి ఉండదు. రసాయన శుద్ధి చేయని వెదురును మట్టిలో పాతితే సాధారణంగా రెండు మూడేళ్ళే. అంటే "మా కంచెకు ఎనిమిదేళ్ళు" అన్న మాటలో సమాచారం చాలా తక్కువ. ఏ కర్రతో, ఏ మట్టిలో, ఎంత తడిలో ఎనిమిదేళ్ళు అన్నదే అసలు సంగతి. స్నానాల గది నీళ్ళు పారే వైపు గుంజ, ఎండ పడే వైపు గుంజ ఒకే రోజు పాతినా ఒకే వయసువి కావు.

ఒక్క సెంటీమీటరు లెక్క

గుంజ మొదట్లో కొంచెం పుచ్చితే ఏమవుతుందిలే అనుకుంటాం. ఇక్కడే లెక్క మనల్ని ఆశ్చర్యపరుస్తుంది. గుండ్రటి గుంజ వంగకుండా తట్టుకునే బలం దాని వ్యాసపు ఘనాన్ని బట్టి మారుతుంది. 10 సెంటీమీటర్ల వ్యాసం ఉన్న గుంజ చుట్టూ ఒక్క సెంటీమీటరు మందాన మెత్తబడితే గట్టి కర్ర 8 సెంటీమీటర్లు మిగులుతుంది. పదింట ఎనిమిది వంతులను మూడుసార్లు గుణిస్తే 0.51. అంటే చుట్టూ ఒక సెంటీమీటరు పోతే సగం బలం పోయింది. రెండు సెంటీమీటర్లు పోతే మిగిలేది ఐదో వంతుకు కాస్త పైన మాత్రమే.

ఇదే లెక్కకు రెండో వైపు కూడా ఉంది. పుచ్చు బయట కాకుండా లోపల మొదలైందనుకుందాం. అదే 10 సెంటీమీటర్ల గుంజలో నడిమధ్య 5 సెంటీమీటర్ల మేర బోలుపడి, చుట్టూ కర్ర గట్టిగా ఉంటే, వంపును తట్టుకునే బలం ఇంకా 94 శాతం దాకా ఉంటుంది. వంగేటప్పుడు బరువంతా మోసేది అంచులే కాబట్టి ఇలా జరుగుతుంది. కాబట్టి సుత్తితో కొడితే బోలు శబ్దం వచ్చిందని వెంటనే గుంజను పీకేయనక్కర్లేదు. బయట మెత్తగా ఉంటే మాత్రం పైకి ఎంత నిటారుగా నిలబడినా నమ్మకూడదు. బోలు కూడా ఏటా పెరుగుతూ పోతుంది కనుక దాన్ని గుర్తుపెట్టుకుని మళ్ళీ చూడాలి. బోలు 8 సెంటీమీటర్లకు చేరేసరికి లెక్క ప్రకారం మిగిలే బలం 60 శాతానికి కాస్త తక్కువ. అంత పలుచని పొర ఉన్నట్టుండి నలిగిపోవచ్చు కూడా.

గాలి నెట్టినప్పుడు గుంజ మీద అత్యధిక వంపు పడేది సరిగ్గా నేలమట్టం దగ్గరే. శిలీంధ్రం కొరికే చోటు, గాలి విరిచే చోటు ఒక్కటే కావడం కంచెకు పుట్టుకతో వచ్చిన బలహీనత. పైన ఎన్ని కోట్లు రంగు వేసినా ఇది మారదు. పైగా తడి కర్రకు దళసరి రంగు పూస్తే లోపలి తేమ ఆరే దారి మూసుకుపోయి పుచ్చు పెరుగుతుంది.

సిమెంటు, ఇనుము, రాయి

"మాది కర్ర కంచె కాదు, సిమెంటు స్తంభాలు" అని తప్పించుకోవడానికీ లేదు. కాంక్రీటు లోపల ఇనుప కడ్డీ తుప్పు పట్టకుండా ఉండడానికి కారణం కాంక్రీటులోని క్షారగుణం. కొత్త కాంక్రీటు పీహెచ్ విలువ 12.5 నుంచి 13 దాకా ఉంటుంది. ఆ స్థితిలో ఇనుము మీద పలుచని రక్షణ పొర ఏర్పడుతుంది. గాలిలోని కార్బన్ డయాక్సైడు మెల్లగా లోపలికి చొరబడి ఈ క్షారగుణాన్ని తగ్గిస్తుంది. పీహెచ్ 9 దగ్గరికి పడిపోయేసరికి కడ్డీకి రక్షణ పోతుంది. దీన్ని కార్బొనేషన్ అంటారు.

ఈ చొరబాటు కాలపు వర్గమూలాన్ని బట్టి సాగుతుంది. ఐదేళ్ళలో 10 మిల్లీమీటర్లు వెళ్ళిందంటే 20 మిల్లీమీటర్లు వెళ్ళడానికి పదేళ్ళు కాదు, ఇరవై ఏళ్ళు పడుతుంది. కడ్డీ మీద కాంక్రీటు మందం రెట్టింపైతే రక్షణ కాలం నాలుగు రెట్లవుతుందన్నమాట. బజారులో తక్కువ ధరకు దొరికే సన్నటి స్తంభాలకు ఉండనిది ఈ మందమే. కడ్డీ తుప్పు పట్టడం మొదలైతే ఆ తుప్పు అసలు ఇనుము కంటే రెండు నుంచి ఆరు రెట్ల చోటు ఆక్రమిస్తుంది. ఆ ఒత్తిడికి కాంక్రీటు కడ్డీ వెంబడి నిలువుగా పగులుతుంది. స్తంభం మీద అడ్డదిడ్డంగా ఉన్న వెంట్రుకవాసి గీతలు చాలావరకు భయపడాల్సినవి కావు. పైనుంచి కిందికి ఒకే వరుసలో సాగే పగులు, దాని అంచున గోధుమరంగు మరక కనిపిస్తే మాత్రం లోపల కడ్డీ పోతున్నట్టు. ఉప్పునేలల్లో, సముద్రపు ఒడ్డున ఈ పని వేగంగా జరుగుతుంది. మట్టిలోని తేమ ఉప్పుతో కలిసి స్తంభంలోకి ఎగబాకి, నేలకు కాస్త పైన ఆవిరైపోయి, ఉప్పును అక్కడే వదిలేస్తుంది. మళ్ళీ అదే నేలమట్టం.

అనుమానం ఉంటే బడి ప్రయోగశాలలో వాడే ఫినాఫ్తలీన్ ద్రావణం నిజం చెబుతుంది. స్తంభాన్ని ఒక మూల కాస్త పెచ్చు లేపి, దుమ్ము ఊదేసి, ఆ తాజా ముఖం మీద రెండు చుక్కలు వేయాలి. గులాబీ రంగు వచ్చిన చోట క్షారగుణం మిగిలి ఉంది. రంగు రాని మందమే కార్బొనేషన్ లోతు. అది కడ్డీని చేరిందా లేదా అన్నది చూస్తే ఆ స్తంభం ఎంత నమ్మదగినదో తెలుస్తుంది.

ఇనుప గొట్టాలు వాడిన చోట పైన మూత ఊడిపోయిందేమో చూడాలి. లోపలికి దిగిన వాననీరు బయటికి పోలేక గొట్టాన్ని లోపలినుంచి తినేస్తుంది. బయట రంగు చక్కగానే ఉంటుంది. తెలంగాణలో, రాయలసీమలో వాడే గ్రానైటు రాతి కడీలు పుచ్చవు, తుప్పు పట్టవు. అయితే రాయికి నొక్కుడును తట్టుకునే బలం ఎక్కువ, వంపును తట్టుకునే బలం తక్కువ. ట్రాక్టరు తగిలినా, గేదె గట్టిగా ఒరిగినా ముందుగా వంగి హెచ్చరించకుండా ఒక్కసారిగా విరుగుతుంది. తీగ కట్టడానికి బిగించిన ఇనుప కొక్కెం తుప్పుతో ఉబ్బి రాయిని చీల్చడమూ ఉంది. ఇవి తప్పిస్తే రాతి కడీలు మనకన్నా ఎక్కువ కాలం ఉంటాయి. తీగ పాడైందని వాటిని పీకేయడం శుద్ధ దండుగ.

తీగ ఆయుష్షుకు ఒక భాగహారం

ముళ్ళతీగకు, వలకు పూసే జింకు పూత తనను తాను అర్పించుకుని ఇనుమును కాపాడుతుంది. పూత కొంచెం గీసుకుపోయినా చుట్టుపక్కల జింకు ముందుగా కరిగి ఇనుమును తుప్పు నుంచి కాపాడుతుంది. అందుకే దీని ఆయుష్షును లెక్కవేయడం తేలిక: పూత మందాన్ని ఏటా అరిగే మందంతో భాగించాలి.

జింకు సాంద్రతను బట్టి చదరపు మీటరుకు 7 గ్రాముల పూత అంటే ఇంచుమించు ఒక మైక్రాను మందం. పలుచని పూత ఉన్న తీగకు చదరపు మీటరుకు 70 గ్రాములు ఉందనుకుంటే 10 మైక్రాన్లు. గాలిలో జింకు ఎంత వేగంగా అరుగుతుందో ఐఎస్ఓ 9223 అనే అంతర్జాతీయ ప్రమాణం వర్గాలుగా విభజించింది. మధ్యస్థ వాతావరణంలో ఏడాదికి 0.7 నుంచి 2.1 మైక్రాన్లు, ఉప్పుగాలి బాగా తగిలే చోట్ల 4.2 నుంచి 8.4 మైక్రాన్లు. అంటే ఒకే తీగ సముద్రానికి దూరంగా పదేళ్ళు నిలిస్తే, అలల నురుగు గాలిలో కొట్టుకొచ్చే ఊళ్ళో రెండేళ్ళకే పూత పోగొట్టుకుంటుంది. అదే 240 గ్రాముల దళసరి పూతకు మొదటి చోట మూడు దశాబ్దాలు, రెండో చోట ఏడేళ్ళు వస్తాయి. ముళ్ళతీగకు ఐఎస్ 278, అల్లిక వలకు ఐఎస్ 2721 అనే భారతీయ ప్రమాణాలు ఉన్నాయి. కొనేటప్పుడు "కిలో ఎంత" అని అడిగే మనం "పూత ఎన్ని గ్రాములు" అని అడిగితే ఈ లెక్క కొనకముందే తేలిపోతుంది.

తీగ మీద తెల్లటి పొడి కనిపిస్తే జింకు తన పని చేస్తోందని అర్థం. ఎర్ర తుప్పు కనిపిస్తే ఆ చోట జింకు అయిపోయింది, ఇక ఇనుము సన్నబడుతుంది. అయినా ఎర్ర తుప్పు కనబడ్డ రోజే మార్చాలని లేదు. 2.5 మిల్లీమీటర్ల తీగ 2 మిల్లీమీటర్లకు సన్నబడితే లాగుడును తట్టుకునే బలం 64 శాతానికి తగ్గుతుంది. సముద్రానికి దూరంగా ఉన్న చోట దానికి ఏళ్ళు పడుతుంది. తీగను రెండుసార్లు వంచి చూస్తే పెళుసుగా విరిగిపోవడం, ముడులు వేసిన చోట సూదిలా సన్నబడడం మార్చాలని చెప్పే గుర్తులు. తీగ మార్చడం చిన్న పని. స్తంభాలు బాగుంటే కంచె మొత్తం పాతబడినట్టు కాదు.

గాలి చేసే తోపు

గాలి వేగం రెట్టింపైతే దాని తోపు నాలుగు రెట్లవుతుంది. భవనాలకు గాలి ఒత్తిడిని లెక్కవేసే భారతీయ ప్రమాణం ఐఎస్ 875 మూడో భాగంలో విశాఖపట్నానికి సెకనుకు 50 మీటర్లు, హైదరాబాదుకు 44 మీటర్లు మూల వేగంగా తీసుకుంటారు. 50 మీటర్లంటే గంటకు 180 కిలోమీటర్లు. ఆ వేగాన్ని వర్గం చేసి 0.6తో గుణిస్తే చదరపు మీటరుకు 1,500 న్యూటన్లు, అంటే సుమారు 150 కిలోల బరువంత తోపు. ఇళ్ళు, చెట్లు అడ్డుండే చోట నేలకు దగ్గరగా ఇది తగ్గుతుంది. కానీ రెండు మీటర్ల వెడల్పు, మీటరున్నర ఎత్తు ఉన్న రేకు ముక్క మీద అందులో సగం పడినా రెండు వందల కిలోలు దాటుతుంది. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను విశాఖ దగ్గర తీరం దాటిన నాటి గాలులు చూసినవారికి ఇది పుస్తకాల లెక్క కాదు.

అల్లిక వల కంచె మీద ఈ తోపులో కొద్ది భాగమే పడుతుంది, మిగతా గాలి సందుల్లోంచి పోతుంది. అయితే అదే వల మీదికి దొండపాదు దట్టంగా పాకినా, ఆకుపచ్చ షేడ్ నెట్ కట్టినా, పాత ఫ్లెక్సీ బిగించినా అది తెరచాప అవుతుంది. కంచె పాతిన నాడు వలకు సరిపోయిన గుంజలు ఈ కొత్త బరువుకు సరిపోవు. కంచె మారకపోయినా దాని మీద బాధ్యత మారింది. మార్చాలా అని ఆలోచించేవారు ఈ సంగతి చూసుకోవాలి. చాలాసార్లు కంచెను కాదు, దాని మీద కట్టినదాన్ని తీసేస్తే సరిపోతుంది.

అరపూట పరీక్ష

ముందుగా ప్రతి గుంజను ఛాతీ ఎత్తున పట్టుకుని ముందుకూ వెనక్కూ ఊపండి. గుంజ మొత్తం మట్టిలోనే కదులుతుంటే తప్పు మట్టిది. గుంజ పైభాగం కదులుతూ నేల దగ్గర మడతపడినట్టు అనిపిస్తే తప్పు గుంజది. ఈ తేడా ముఖ్యం. నల్లరేగడి నేల వేసవిలో బీటలు వారి కుంచించుకుపోతుంది, వానలకు ఉబ్బుతుంది. ఏటా జరిగే ఈ కదలికకు మంచి గుంజ కూడా ఒరుగుతుంది. దాన్ని మళ్ళీ లోతుగా పాతి, మట్టి దట్టిస్తే చాలు. ఒరిగిన కంచె అంతా ముసలి కంచె కాదు, నిటారుగా ఉన్నదంతా గట్టిదీ కాదు.

తర్వాత గుంజ చుట్టూ జానెడు లోతు మట్టి తీసి, స్క్రూడ్రైవరుతో నాలుగు వైపులా గట్టిగా పొడవండి. గట్టి కర్రలోకి మొన మాత్రమే దిగుతుంది. సెంటీమీటరు పైన సులువుగా దిగితే పైన చెప్పిన ఘనపు లెక్క గుర్తుచేసుకోండి. సుత్తితో తట్టి శబ్దం వినండి. సిమెంటు స్తంభానికి నిలువు పగులు, ఇనుప గొట్టానికి నేల దగ్గర ఉబ్బిన రంగు వెతకండి. చూసిన ప్రతిదాని మీద సుద్దతో ఒక గుర్తు పెట్టండి: బాగుంది, వచ్చే ఏడు చూడాలి, మార్చాలి. తీసిన మట్టిని తిరిగి పోసేటప్పుడు గుంజ దగ్గర ఎత్తుగా, బయటికి వాలుగా పోస్తే నీరు నిలవదు.

ఈ పనికి మంచి సమయం సెప్టెంబరు. బంగాళాఖాతంలో తుపాన్లు ఎక్కువగా వచ్చే అక్టోబరు, నవంబరు నెలలకు ముందు మరమ్మతుకు వ్యవధి దొరుకుతుంది. మట్టి కూడా తడిగా ఉండి తవ్వడం తేలిక. మే నెలలో చూస్తే ఎండకు ఆరిన కర్ర ఉన్నదానికన్నా గట్టిగా అనిపించే ప్రమాదం ఉంది.

ఇక నిర్ణయం

పరీక్ష తర్వాత వేసుకోవాల్సిన మొదటి ప్రశ్న: ఈ కంచె దేన్ని కాపాడుతోంది? పసిపిల్లలకూ బావికీ మధ్య ఉన్న కంచె, రోడ్డు పక్కన నడిచేవారి మీదికి ఒరగగల రేకు కంచె అయితే మొదట్లో మెత్తబడ్డ ఒక్క గుంజ ఉన్నా ఆగకూడదు. ఆకుకూరల మడిని కోళ్ళ నుంచి కాపాడే దడి అయితే పడినప్పుడు చూసుకున్నా కొంప మునిగేది లేదు. ఒకే రకం పాడు, రెండు రకాల నిర్ణయం. ఇందులో వైరుధ్యం లేదు.

రెండో ప్రశ్న: పాడైనవి ఎన్ని, ఎక్కడ? ఒక గుంజ విరిగితే దాని బరువు రెండు పక్కల గుంజల మీద పడుతుంది. విడివిడిగా అక్కడొకటి, ఇక్కడొకటి పాడైతే వాటినే మార్చాలి. పక్కపక్కనే రెండు మూడు పాడైతే ఆ భాగం వరకైనా వెంటనే మార్చాలి. మొత్తంలో మూడో వంతు దాటి పాడైతే కొత్త కంచె గురించి ఆలోచించడం మేలని నా అంచనా. మిగిలినవి కూడా అదే కర్ర, అదే మట్టి కాబట్టి వాటి వంతు ఎంతో దూరంలో ఉండదు. మూల స్తంభాలకు, గేటు స్తంభాలకు ఈ ఉదారత వద్దు. తీగ లాగుడంతా మోసేవి అవే.

మూడోది డబ్బు. లెక్క సులువు కోసం కొత్త కంచెకు 60,000 రూపాయలు, దాని ఆయుష్షు 20 ఏళ్ళు అనుకుందాం. ఏడాదికి 3,000. పాత కంచెకు ఈ ఏడు మరమ్మతు 2,000 అయితే ఉంచుకోవడమే లాభంలా కనిపిస్తుంది. కానీ అది పడితే 20,000 నష్టం వస్తుందని, ఈ ఏడు పడే అవకాశం పదింట ఒకటని అనిపిస్తే దానికి ఇంకో 2,000 కలపాలి. మొత్తం 4,000. ఇప్పుడు పాతది ఖరీదైపోయింది. "పడినప్పుడు చూద్దాం" అనేవారు లెక్కలో వదిలేసేది ఈ రెండో 2,000నే. "పండక్కి మార్చేద్దాం" అనేవారు అసలు లెక్కే వేయరు. ఇక పడేది మనిషి మీదైతే దానికి రూపాయల్లో లెక్క ఉండదు.

బలహీనపడ్డ కంచెకు ప్రత్యామ్నాయంగా కొందరు పందుల కోసం, కోతుల కోసం దానికి నేరుగా కరెంటు కలుపుతారు. ఇది మరమ్మతు కాదు, చట్టవిరుద్ధమైన ఉరి. తెలుగు రాష్ట్రాల్లో ఇలాంటి తీగలు తగిలి మనుషులు, పశువులు, ఏనుగులు చనిపోయిన సందర్భాలు ఉన్నాయి. కంచె పని చేయకపోతే కంచెను మార్చండి, దాన్ని ఆయుధంగా మార్చకండి.

పీకిన కర్ర పొయ్యిలోకి వద్దు

మార్చాలని నిర్ణయించాక తరచూ మరిచిపోయే సంగతి ఒకటుంది. 1933లో డెహ్రాడూన్‌లోని అటవీ పరిశోధన సంస్థలో శొంఠి అనే తెలుగు ఇంటిపేరున్న కామేశం రాగి, క్రోమియం, ఆర్సెనిక్ లవణాలతో కర్రను శుద్ధి చేసే పద్ధతి కనిపెట్టారు. రాగి శిలీంధ్రాలను, ఆర్సెనిక్ పురుగులను అడ్డుకుంటాయి, క్రోమియం ఆ రెంటినీ కర్రలో కదలకుండా పట్టి ఉంచుతుంది. మామూలు కర్రకు దశాబ్దాల ఆయుష్షు ఇచ్చిన ఈ పద్ధతి ప్రపంచమంతా పాకింది. తర్వాత ఆర్సెనిక్ భయంతో అమెరికాలో తయారీదారులు 2003 చివరి నుంచి ఇళ్ళ వాడకానికి దీన్ని ఆపేశారు.

శుద్ధి చేసిన గుంజలు తరచూ ఆకుపచ్చ ఛాయలో ఉంటాయి, ఏళ్ళు గడిచాక ఆ రంగు వెలిసిపోతుంది. అలాంటి కర్రను కాలిస్తే ఆర్సెనిక్ పొగలోనూ బూడిదలోనూ చేరుతుంది. పాత కంచె కర్రను నీళ్ళ పొయ్యిలోకి, భోగి మంటలోకి వేసే మన అలవాటు ఇక్కడ ప్రమాదకరం. కంచెగా వాడిన పాత రైల్వే చెక్క స్లీపర్లకు క్రియోజోటు అనే తారు నూనె పట్టించి ఉంటుంది. వాటినీ కాల్చకూడదు, కూరగాయల మడికి గట్టుగా పెట్టకూడదు. శుద్ధి చేసినదో కాదో తెలియనప్పుడు చేసిందనే అనుకోవాలి.

కొత్త కంచె వేసేటప్పుడు పాత గుంతల వరుసను పీకకముందే పొరుగువారి సమక్షంలో గుర్తు పెట్టుకోండి. హద్దు తగాదాలు చాలావరకు జానెడు జరుగుబాటుతోనే మొదలవుతాయి. గుంజ అడుగున కంకర వేసి నీరు దిగే దారి ఇవ్వడం, నేలమట్టానికి పైన కాంక్రీటు దిమ్మెను వాలుగా చేయడం, గుంజ తలను ఏటవాలుగా కోయడం ఖర్చు లేని జాగ్రత్తలు. ప్రహరీ గోడ కట్టే ముందు వాననీరు ఎటు పోతుందో చూసుకోవాలి. కంచె నీటిని ఆపదు, గోడ ఆపుతుంది. చోటు ఉన్నవారికి ఇంకో మార్గం ఉంది. గ్లిరిసిడియా కొమ్మను పాతితే వేళ్ళు తొడిగి తనే గుంజ అవుతుంది. గోరింట, వాక్కాయ పొదలు ఏళ్ళకొద్దీ కంచెగా నిలుస్తాయి. బతికున్న చెట్టు తన గాయాన్ని తనే మూసుకుంటూ పుచ్చును అడ్డుకుంటుంది. చచ్చిన కర్రకు ఆ శక్తి లేదు.

కంచెకు ఆయుష్షు ఇంత అని ఏ పట్టికా కచ్చితంగా చెప్పలేదు, ఎందుకంటే మట్టి, తేమ, గాలి ప్రతి పెరట్లోనూ వేరు. చెప్పగలిగేది ఆ పెరట్లోని మట్టి తవ్వి చూసినవారే. ఈ సెప్టెంబరులో గునపం తీయండి. పది గుంజల్లో మూడు మాత్రమే పాడయ్యాయని తేలితే ఏడింటి డబ్బు మిగిలినట్టు. ఏడు పాడయ్యాయని తేలితే తుపానుకు ముందే తెలిసినట్టు.